సగానికి మరిగిన నీళ్ళు

మునియప్ప కొట్టాయిలో యోగలక్ష్మి చెప్పుల చప్పుడు వినిపిస్తే ఇళ్ళల్లో సర్దుళ్ళు మొదలయ్యేవి. షుగరున్న ముసలాయన బెల్లం ముక్కను బుగ్గలోకి తోసి నోరు మూసుకునేవాడు. బీపీ ఉన్న అవ్వ ఎండుచేపల కుండ మీద చేట బోర్లించేది. పసిబిడ్డలున్న ఇళ్ళల్లో పాలసీసా ఎక్కడికి పోయేదో ఆ ఇంటి పిల్లికి కూడా తెలిసేది కాదు.

ఆమెకు కోపం ఎక్కువని అందరూ అనుకునేవారు. ఉన్నదంతా భయం. సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి రక్తపోటు, చక్కెర చూసే ఆరోగ్య సేవిక పనిలో ఆమె చేరిన మొదటి ఏడే, కొట్టాయిలో ఒక పసిబిడ్డ విరేచనాలతో పోయింది. మురికి సీసాలో పట్టిన పాలే కారణమని నర్సమ్మ చెప్పింది. ఆనాటి నుంచి పాలసీసా కనిపిస్తే యోగలక్ష్మికి ఒళ్ళు తెలిసేది కాదు. మొన్న పొంగల్ వెళ్ళాక, మణిమేగలై అనే బాలింత ఇంట్లో కనిపించిన సీసాను పదిమంది చూస్తుండగా తీసుకెళ్ళి పేడదిబ్బలోకి విసిరేసింది. మణిమేగలై కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మరే ఇంట్లోనూ సీసా యోగలక్ష్మి కంట పడలేదు. తన మాట చెల్లిందనే అనుకుంది.

కొట్టాయిని ఊరు అనడానికి లేదు. ధర్మపురి జిల్లాలో, హరూర్ నుంచి తీర్థమలై పోయే దారిలో పెద్దూరు దాటాక, కర్రపెండలం చేల మధ్య, మునియప్ప అనే ఆయన ఎప్పుడో పశువుల కోసం వేసుకున్న పాక అది. కొడుకులూ మనవలూ దాని చుట్టూ ఇళ్ళు కట్టుకుంటూ పోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పొలాలు చేతులు మారిపోయాయి, కొట్టాయి పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు అందరూ ఆ పొలాల్లోనే కూలికి పోతారు. హొగేనక్కల్ నుంచి వచ్చే కావేరి నీళ్ళ గొట్టం పెద్దూరి ట్యాంకు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త దూరం వేస్తామని ఎన్నికలప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పి పోతారు.

బోరు నీళ్ళంటే కొట్టాయికి హడల్. యోగలక్ష్మి మామ సుబ్బరాయన్ చిన్నతనం నుంచీ ఆ నీళ్ళే తాగాడు. ఇప్పుడు ఆయన వెన్ను కొడవలిలా వంగి, ఎదుటి మనిషి మొహం చూడాలంటే పక్కకు తిరగాల్సి వస్తుంది. ఆయన వయసువాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి ఏ పక్క మనిషో చెప్పేయవచ్చు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని పరీక్ష చేసిన వాళ్ళు చెప్పాక, కొట్టాయి వాళ్ళు బోరు పంపుకు ముళ్ళకంప కట్టి, మూకాయి ఇంటి బావికి మళ్ళారు.

అది మూకాయి పెనిమిటి బతికుండగా తన చేతులతో తవ్విన బావి. తియ్యటి నీళ్ళు. కందిపప్పు ఒక్క పొంగుకే ఉడికేది. బావికి ఒక పక్క పశువుల కొట్టం, ఇంకో పక్క పేడదిబ్బ, పైన కర్రపెండలం చేను. వాన పడిన ప్రతిసారీ చేనుకు యూరియా చల్లేవారు. పళ్ళను పాడుచేసే నీళ్ళ నుంచి తప్పించుకున్నామన్న ధైర్యంతో, ఈ నీళ్ళను కూడా పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. యోగలక్ష్మికి కూడా. ఆమె చెప్పిందల్లా ఒకటే: బిడ్డలున్న ఇంట్లో నీళ్ళు బాగా మరగబెట్టండి.

చిత్తిరై నెల, నడి వేసవి. ఎండ నడినెత్తికి రాకముందే పాల ఏళుమలై బండి కొట్టాయిలో ఆగింది. పొద్దున్నే చుట్టుపక్కల పాలు పోగుచేసి పెద్దూరి సొసైటీలో పోసి, ఖాళీ క్యానులతో తిరిగి వచ్చే చిన్న టెంపో అది. అతను బండి దిగకుండానే యోగలక్ష్మి ఇంటి వైపు కేక వేశాడు. మూకాయమ్మ మనవరాలి రంగు మారిపోయిందట, వేపాకు కోసం మనుషులు పరిగెత్తుతున్నారట.

యోగలక్ష్మి పొయ్యి మీద గిన్నె దించకుండానే పరిగెత్తింది.

మూకాయి ఇంటి ముందు జనం. పక్షి దోషమని ఒకరు, పొద్దున వాకిట్లోకి తెచ్చినప్పుడు ఏదో పిట్ట నీడ పడిందని ఇంకొకరు. మంత్రించే మనిషి కోసం తీర్థమలైకి కబురు పంపామని చెప్పారు. లోపల విజి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూకాయికి ఒక్కతే కూతురు, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, మొగుడు లోకనాథన్ హొసూరులో ఫ్యాక్టరీ పని. ఆమె ఒళ్ళో రెండో నెల ఆడబిడ్డ. ఏడవడం లేదు. కళ్ళు తెరిచి చూస్తోంది. పెదాలు మాత్రం నేరేడుపళ్ళు తిన్న నోరులా ఉన్నాయి. గోళ్ళూ అదే రంగు.

యోగలక్ష్మి సంచీలోంచి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే కరోనా నాటి వేలి యంత్రం తీసి బిడ్డ పాదానికి పట్టించింది. నూరుకు దగ్గరగా ఉండాల్సిన అంకె ఎనభై అయిదు దగ్గర ఊగింది. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, బండి ఏదో ప్రమాదానికి వెళ్ళింది, రావడానికి సమయం పడుతుందన్నారు.

"అది వచ్చేలోపు నేను హరూర్‌లో ఉంటాను, ఎక్కండక్కా," అన్నాడు ఏళుమలై.

మంత్రించే మనిషి వచ్చేదాకా ఆగమని మూకాయి అడ్డం పడింది. యోగలక్ష్మి ఎప్పటిలా అరవబోయి ఆగింది. బిడ్డను విజి ఒళ్ళోంచి ఎత్తుకుని బండి వైపు నడిచింది. విజి వెనకాలే లేచింది. కూతురూ మనవరాలూ బండెక్కాక మూకాయి ఆగలేదు. వెనక ఖాళీ క్యానుల మధ్య ఎక్కి కూర్చుంది.

దారంతా క్యానులు ఒకదానికొకటి తగిలి మోగుతూనే ఉన్నాయి. బిడ్డ ఊపిరి వేగంగా ఉంది, ఏడుపు లేదు. ఏడిస్తే బాగుండునని యోగలక్ష్మి మొదటిసారి కోరుకుంది. పెద్దూరు మలుపులో బండి ఎగిరిపడగానే బిడ్డ ఆమె భుజం మీద కక్కింది. తుడుచుకోబోయి ఆగింది. తియ్యటి వాసన. తల్లిపాలు విరిగిన పులుపు వాసన ఆమెకు బాగా తెలుసు. ఇది అది కాదు. పెద్దూరి మందుల షాపులో అమ్మే డబ్బా పాలపొడి వాసన ఇది.

"విజీ, బిడ్డకు ఏమి పట్టినారు?"

విజి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "అమ్మను అడుగు వదినా," అంది. మూకాయి వెనక క్యానుల మోతలో ఉంది, అడిగే వీలు లేదు.

హరూర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది డాక్టర్ కణ్ణగి. చిన్న వయసు, తక్కువ మాటలు. బిడ్డను చూడగానే బల్ల మీద పడుకోబెట్టి ముక్కుకు ఆక్సిజన్ పెట్టించింది. అందరి కళ్ళూ అంకె మీదే. గాలి పడితే అంకె పైకి రావాలి. రాలేదు. ఎనభై అయిదు దగ్గరే బండరాయిలా కూర్చుంది. డాక్టరు గొట్టం సరిచూసింది, యంత్రం మార్చింది, గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

పుట్టుకతో గుండెలో లోపం ఉండి ఉండవచ్చు అంది. అలా అయితే సేలంలో గుండె డాక్టర్ల దగ్గరికి పంపాలి. చాలా దూరం, దారిలో ఏమైనా కావచ్చు. అంబులెన్సు ఎటు పోవాలో ఇప్పుడే తేల్చుకోవాలి. అందుకే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. పుట్టినప్పుడు రంగు ఎలా ఉంది, ఏడ్చినప్పుడు నీలంగా మారేదా, మందులేమైనా వేశారా, నాటు వైద్యం చేయించారా, బిడ్డ ఏం తాగుతోంది.

చివరి ప్రశ్నకు మూకాయి తమిళంలో గట్టిగా జవాబిచ్చింది. తల్లిపాలు తప్ప బిడ్డ గొంతులోకి వేరే చుక్క పోలేదని. తీర్థమలై సామి మీద ఒట్టు కూడా వేసింది. విజి నేల చూపులు చూసింది.

డాక్టరు తల ఊపి, సేలం కాగితం రాయడానికి బల్ల వైపు తిరిగింది.

యోగలక్ష్మి మూకాయి మొహంలోకి చూసింది. ఆ మొహంలో భయం ఉంది. చూపు మాటిమాటికీ డాక్టరు మీదికి కాకుండా యోగలక్ష్మి సంచీ మీదికే పోతోంది. పేడదిబ్బలో పడిన సీసా గుర్తొచ్చింది. ఆ రోజు చుట్టూ నిలబడ్డ పదిమందిలో మూకాయి కూడా ఉంది. 'ఏమే, నీకు పాల్లేవా?' అని ఆ తర్వాత ఆడవాళ్ళు మణిమేగలైని ఎన్నాళ్ళు ఏడిపించారో యోగలక్ష్మి విననిది కాదు. ఇప్పుడు ఇక్కడ తను అరిస్తే ఈ ముసలిది ఇంకో ఒట్టు వేస్తుంది, అంతే. అంబులెన్సు సేలం దారి పడుతుంది.

"అమ్మా," అంది డాక్టరుతో. "బిడ్డకు డబ్బా పాలు పడుతున్నారు. తల్లికి పాలు చాలకపోతే పట్టమని నేనే చెప్పినాను. వాళ్ళు నా మాట చొప్పున చేసినారు."

డాక్టరు పెన్ను ఆగింది. ఆరోగ్య సేవిక అయివుండి అలా ఎలా చెప్పావని చాలా మెల్లగా అడిగింది. ఆ మెల్లదనంలోనే తన పని పోయేట్టుందని యోగలక్ష్మికి అర్థమైంది. డబ్బా పాలు పడుతున్నారన్నది నిజమో కాదో తనకే తెలియదు. భుజం మీద వాసన తప్ప చేతిలో వేరే ఆధారం లేదు.

మూకాయి ముందుకు వచ్చింది.

"ఈ యోగా పాప ఏమీ చెప్పలేదు," అంది. తమిళం మరిచిపోయి తెలుగులోనే అంది. "తప్పు నాది. విజికి పాలు పడలేదు. ఇరుగుపొరుగు నవ్వుతారని నేనే డబ్బా తెప్పించినాను. యోగా వస్తే సీసా వడ్ల డ్రమ్ములో దాచినాను. అయినా శుద్ధంగానే పట్టినాను తల్లీ. సీసా కాచినాను. నీళ్ళు కాచినాను. ఊరికే కాచలేదు, ఒక చెంబుకు అర చెంబు అయ్యేదాకా సుండ కాచినాను. అందులో ఏ పురుగు బతికి ఉంటాది?"

యోగలక్ష్మి ఆ మాటల్ని తమిళంలో డాక్టరుకు చెప్పింది. చెబుతుండగానే డాక్టరు మొహం మారడం చూసింది. ఏ నీళ్ళు అని అడిగింది డాక్టరు. కావేరి నీళ్ళా, బోరు నీళ్ళా?

"కావేరి నీళ్ళు చల్వ. బాలింతకు, పసిదానికి ఆగదు. బోరు నీళ్ళు విషం. మా బావి నీళ్ళే. నా మొగుడు తవ్విన బావి."

బావి పక్కన ఏముందని డాక్టరు అడిగితే యోగలక్ష్మే చెప్పింది. కొట్టం, పేడదిబ్బ, పైన చేను.

డాక్టరు సేలం కాగితం పక్కన పెట్టేసింది. బిడ్డ మడమలోంచి ఒక చుక్క రక్తం తీసి తెల్లటి గాజుగుడ్డ మీద వేసింది. పక్కనే నర్సు వేలిలోంచి ఇంకో చుక్క. నర్సుది మందారంలా మెరిసింది. బిడ్డది రాగిసంగటి రంగులో ఉంది. గుడ్డను గాలిలో ఊపింది డాక్టరు. సంగటి రంగు సంగటి రంగులాగే ఉండిపోయింది.

గుండె బాగానే ఉందని ఆమె అంది. పేడా యూరియా నేలలోకి ఇంకి, నైట్రేటు అనే ఉప్పయి బావిలో చేరుతుంది. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. ఇంత చిన్న బిడ్డ కడుపులో పడితే మాత్రం అది రక్తాన్నే మార్చేస్తుంది. అప్పుడు రక్తం గాలిని మోయలేదు. బయటి నుంచి ఎంత గాలి పెట్టినా ఉపయోగం లేనిది అందుకే. దీనికి మందు ఉంది. ఆ సమయానికి తమ దగ్గర లేదు. ధర్మపురి పెద్దాసుపత్రిలో ఉంది. మాట్లాడుతూనే ఫోన్ చేసింది. బిడ్డ బరువు చెప్పింది, మందు సిద్ధం చేసి పెట్టమంది.

అంబులెన్సు ధర్మపురి వైపు తిరిగింది.

ఆ ప్రయాణం గురించి యోగలక్ష్మి తర్వాత ఎవరికీ ఎక్కువ చెప్పలేదు. అంకె ఎనభైకి దిగింది. ఒకసారి ఇంకా కిందికి పోయి మళ్ళీ వచ్చింది. బిడ్డ కళ్ళు మూసుకుంటే విజి చెంపలు తట్టి లేపేది. ఒక దగ్గర కర్రపెండలం దుంపల లారీ దారి ఇవ్వకపోతే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్లకు, మరో రోజయితే మూకాయి చెవులు మూసుకునేది. ఆ రోజు తనూ రెండు కలిపింది.

ధర్మపురిలో వాకిట్లోనే మనుషులు నిలబడి ఉన్నారు. బిడ్డను లోపలికి తీసుకుపోయారు. చిన్న సిరంజిలోని మందు చూసి మూకాయి నర్సు చెయ్యి పట్టేసుకుంది. అది ముదురు నీలం, బట్టలకు వేసే నీలిమందు లాంటి నీలం.

"బిడ్డే నీలంగా ఉండాది. దానికి మళ్ళీ నీలం పోస్తారా?"

నర్సుకు తెలుగు రాకపోయినా మాట అర్థమైనట్టుంది. చెయ్యి విడిపించుకుంటూ, ముల్లును ముల్లుతోనే తీయాలి అవ్వా అని తమిళంలో అంది.

మందు మెల్లగా ఎక్కింది. విజి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. యోగలక్ష్మి అంకె చూడలేక బిడ్డ కాలిగోళ్ళు చూస్తూ ఉంది. ఒక వాయి ఇడ్లీ ఉడికేంత సేపట్లో, బొటనవేలి గోరు అంచున ఏదో మారినట్టనిపించింది. భ్రమ అనుకుంది. పక్క గోరు చూసింది. అప్పుడు బిడ్డ మొహం చిట్లించి, నోరు పెద్దగా తెరిచి, వార్డంతా వినబడేలా ఏడ్చింది. ఆ తెరిచిన నోరు లోపల ఎర్రగా ఉంది.

విజి బిడ్డ పాదాన్ని చెంపకు ఆనించుకుంది. తర్వాత బిడ్డ తడిపిన గుడ్డ నీలిపచ్చగా ఉంటే మూకాయి మళ్ళీ కంగారుపడింది. మందు బయటికి పోతోందని చెప్పేదాకా ఆ గుడ్డను చేతిలోంచి వదల్లేదు.

సాయంత్రం వరండాలో ఇద్దరే కూర్చున్నప్పుడు, ఎక్కువ కాచిన కొద్దీ ఎందుకు చెడ్డదయిందని మూకాయి అడిగింది. పురుగు చస్తుంది కానీ ఉప్పు చావదని యోగలక్ష్మి చెప్పింది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పంతా మిగిలిన సగంలోనే ఉండిపోతుంది.

మూకాయి నుదురు కొట్టుకుంది.

"చారు మరిగే కొద్దీ ఉప్పెక్కుతాది. ఎన్నేండ్లుగా పొయ్యి కాడ ఉండాను. ఇది నాకు తెలియదా?" అంది. "నువ్వెందుకు పాపా నీ మీద వేసుకుంటివి? పని పోతే?" అని అడిగింది.

"నీ ఒట్టు చూసి భయం వేసింది అత్తా. తీర్థమలై సామిని కూడా అబద్ధానికి సాక్షి చేసేస్తివే."

మూకాయి నవ్వలేదు. యోగలక్ష్మి చేతిని మాత్రం తన ఒళ్ళోకి లాక్కుని ఉంచుకుంది. మరగబెట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది తనేనన్న మాట యోగలక్ష్మి గొంతు దాకా వచ్చి ఆగింది. మూకాయి ఆ మాట ఎత్తలేదు.

బావి నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపారు. డాక్టరు అనుకున్నదే తేలింది. గొట్టం కొట్టాయి దాకా వేయమని గ్రామసభలో అడిగారు. వేస్తామన్నారు. అప్పటిదాకా చంటిబిడ్డలకైనా కావేరి నీళ్ళు కావాలి. కూలికి పోయే ఆడవాళ్ళు పెద్దూరు దాకా నడిచి మోయలేరు. ఏళుమలై బండి రోజూ ఖాళీ క్యానులతోనే కదా తిరిగి వస్తుంది అని యోగలక్ష్మికి తట్టింది.

అడిగితే అతను రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నా ప్రాణం అడుగు, ఇస్తాను. పాల క్యానులో నీళ్ళు మాత్రం అడగద్దు. ఒక్కరు చూసినా చాలు, ఏళుమలై నీళ్ళు కలపతాడని ఇన్నాళ్ళూ అనుకుంటిమి, ఇప్పుడు కండ్లారా చూస్తిమి అంటారు."

చివరికి మూకాయి తన వడ్ల డ్రమ్ము ఖాళీ చేసి కడిగి ఇచ్చింది. సీసా దాచిన డ్రమ్మే. దాని మీద తమిళంలో పెద్ద అక్షరాలతో నీళ్ళు అని రాయిస్తేనే ఏళుమలై బండెక్కించాడు. కావేరి నీళ్ళు చల్వ అన్న మాటకు మూకాయే మందు కనిపెట్టింది. ఒక్క పొంగు రానిచ్చి దించి, గోరువెచ్చగా వాడమని బాలింతలకు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క పొంగే, రెండోది రాకూడదు. కొట్టాయిలో ఆమె మాటకు యోగలక్ష్మి మాటకన్నా విలువెక్కువ.

ఆ మరుసటి నెల, వైకాసిలో ఒకరోజు యోగలక్ష్మి సంచీ వేసుకుని మణిమేగలై వాకిట్లోకి వచ్చింది. సీసా విసిరేసిన నాటి నుంచి ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా తలుపు సగమే తెరుచుకునేది. ఆ రోజు తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీ దిమ్మె మీద, దారిన పోయే వాళ్ళందరికీ కనిపించేలా, కడిగి బోర్లించిన పాలసీసా ఉంది. లోపల ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. మణిమేగలై గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి సీసాను దాచడానికి పోలేదు.

యోగలక్ష్మి కూడా దాన్ని ముట్టుకోలేదు.

"నీళ్ళు?" అని అడిగింది.

ఏళుమలై బండి పొద్దున పంక్చరయిందని, డ్రమ్ము రాలేదని మణిమేగలై చెప్పింది. బిడ్డ లేస్తే పాలు కలపడానికి ఇంట్లో బావి నీళ్ళే ఉన్నాయంది. పొయ్యి ఇంకా అంటించలేదంది.

యోగలక్ష్మి సంచీని గడప లోపల దించింది. మూలనున్న ప్లాస్టిక్ బిందె తీసుకుంది, అడుగున చిల్లు ఉందేమోనని చేత్తో తడిమి చూసింది.

"బిడ్డ లేస్తే కొంచేపు ఎత్తుకుని తిప్పు. నేను వచ్చేస్తాను," అని చెప్పి, ఎండలో పెద్దూరి దారి పట్టింది.